పాత 35 హెచ్‌పీ బండికి 11 పళ్ల కల్టివేటర్ ఎక్కువైందా? ఇంజన్ విప్పాలంటున్నారు

పాతబండి35:

అందరికీ నమస్తే. మా నాన్న నడిపిన ట్రాక్టరు ఇప్పుడు నా చేతికి వచ్చింది. 35 హెచ్‌పీ, మూడు సిలిండర్లు, టూవీల్ డ్రైవ్. గంటల మీటరు ఎప్పుడో ఆగిపోయింది, ఎన్ని గంటలు తిరిగిందో ఆ బండికే తెలియాలి. వెనక టైర్లు 12.4-28, బటన్లు (నేలను పట్టే గట్లు) సగానికి పైగా అరిగాయి.

నాన్న దీనికి ఎప్పుడూ తొమ్మిది పళ్ల గొర్రే, అంటే కల్టివేటరే, కట్టేవాడు. దాని ఫ్రేము విరిగి మూలన పడింది. కొత్తది కొనే ముందు చూద్దామని మా బాబాయి దగ్గర 11 పళ్లది అడిగి తెచ్చాను. పంటికీ పంటికీ మధ్య 22.5 సెంటీమీటర్లు, మొత్తం వెడల్పు రెండున్నర మీటర్లకు కాస్త తక్కువ. రెండు పళ్లు ఎక్కువైతే పని కూడా ఆ మేరకు తొందరగా తెగుతుంది కదా అని నా లెక్క.

పొలంలో దించాక నా లెక్క తప్పింది. మొదటి సాలు ఎలాగో వచ్చింది. రెండో సాలులో సగం దూరం పోయేసరికి బండి అక్కడే నిలబడి మట్టి వెనక్కి చిమ్ముతోంది. గొర్రు కాస్త లేపితే కదులుతుంది, దించితే మళ్లీ అదే వరస. రెండో గేర్లోనే ఇలా ఉంది. ఒక మెకానిక్‌కు చూపిస్తే "దమ్ము పోయింది, ఇంజన్ విప్పాలి, పిస్టన్లూ లైనర్లూ మార్చాలి" అన్నాడు. అంత ఖర్చు పెట్టాక కూడా ఇలాగే ఉంటే ఏం చెయ్యాలని టెన్షన్. ఈ బండి అసలు 11 పళ్లు లాగుతుందా? లాగదంటే తప్పు బండిదా, గొర్రుదా, నాదా?

గ్రీజుచేతులు:

తమ్ముడూ, ఇంజన్ జోలికి ఇప్పుడే పోకు. ముందు ఒక్క సంగతి చెప్పు. బండి నిలబడిపోయేటప్పుడు ఇంజన్ శబ్దం దిగుతోందా, లేక శబ్దం అలాగే ఉండి చక్రం తిరుగుతోందా?

ఇవి రెండూ వేరువేరు జబ్బులు. శబ్దం బరువెక్కి, సైలెన్సర్ నల్లగా కక్కి, ఇంజన్ ఆగిపోయేలా వస్తే బలం చాలట్లేదని. అప్పుడు ఎయిర్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు, నోజిళ్లు, కంప్రెషన్, ఆ వరసలో చూసుకుంటూ పోవాలి. శబ్దం దిగకుండా చక్రం తవ్వుకుంటోందంటే ఇంజన్ దగ్గర బలం ఉంది, అది నేలకు చేరట్లేదు. ఇంకోటి కూడా ఉంది. శబ్దం పెరుగుతుంది, చక్రం మాత్రం తిరగదు. అది క్లచ్ ప్లేటు. కాలిన వాసన కూడా వస్తుంది.

స్పానర్లు పట్టుకుని బతికినవాణ్ని, చెబుతున్నాను: "లాగట్లేదు" అని షెడ్డుకొచ్చిన బళ్లలో చాలా వాటికి ఇంజన్ బాగానే ఉండేది. కానీ షెడ్డులో నిలబెట్టిన బండిని చూసి చక్రం సంగతి ఎవరు చెబుతారు? పొలంలోనే చూడాలి.

ఇంకో అనుమానం. దున్నేటప్పుడు హైడ్రాలిక్ లివరు పూర్తిగా కిందికి తోసేస్తున్నావా?

పాతబండి35:

అన్నా, శబ్దం దిగట్లేదు. పొగ కూడా మామూలుగానే ఉంది. కుడి చక్రం గుంత తవ్వుతోంది, ఎడమది కొద్దిగా తిరుగుతోంది. లివరు విషయం మీరు ఎలా కనిపెట్టారో గానీ, అవును, చివరిదాకా తోసేస్తున్నాను. లోతుగా పడితే మంచిదే కదా అనుకున్నా. పుల్ల గుచ్చి చూస్తే 16 సెంటీమీటర్లు ఉంది. నాన్న చెయ్యి ఎప్పుడూ ఆ లివరు మీదే ఉండేది. ఊరికే అలవాటేమో అనుకునేవాణ్ని.

లోగేర్:

ఇంత చర్చ దేనికి బ్రదర్? లో ఫస్టులో వెయ్యి, నిమ్మళంగా లాగుతుంది. మా పాత బండి కొండనైనా లాగేది.

గ్రీజుచేతులు:

లోగేర్ గారూ, గేరు తగ్గిస్తే చక్రానికి తిప్పుడు బలం పెరుగుతుంది. ఇక్కడ ఉన్న బలానికే చక్రం జారుతోంది. ఇంకా బలం ఇచ్చినా ఆ చక్రం అక్కడే జారుతుంది, అంతే. ఇంజన్ దిగిపోయే బండికైతే మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం.

పైగా పాత బండిని బరువులేసి, లో ఫస్టులో, పెద్ద పనిముట్టుతో గంటలకొద్దీ పీడిస్తే దెబ్బ పడేది గేర్‌బాక్సుకీ వెనక యాక్సిల్‌కీ. అప్పుడు విప్పే ఖర్చు ఇంజన్ కంటే తక్కువేం కాదు.

రేగడిచాళ్లు:

పాతబండి గారూ, మీ దానికి లెక్క వేసి చూద్దాం. నాకు లెక్కల పిచ్చి కాస్త ఎక్కువ, ఓపిగ్గా చదవండి.

బానెట్ మీద రాసిన 35 హెచ్‌పీ కొత్తగా ఉన్నప్పటి ఇంజన్ బలం. వయసు మీద పడ్డాక 31 అనుకుందాం. పీటీఓ, అంటే వెనక పనిముట్లను తిప్పే షాఫ్టు, దగ్గరికి వచ్చేసరికి గేర్లు కొంత తినేసి 27 దాకా మిగులుతుంది. అక్కణ్నుంచి టైరు నేలను నొక్కుతూ, కాస్త జారుతూ పోవడంలో ఇంకా పోతుంది. దున్నే నేల మీద లాగుడుకి మిగిలేది పీటీఓ బలంలో 60 శాతం అటూ ఇటూ. అంటే మీ చేతిలో ఉన్నది 16 హెచ్‌పీ. 35 చూసి గొర్రు కొనేవాళ్లు మోసపోయేది ఇక్కడే. అమెరికాలో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం వాళ్లు 1920 నుంచీ ట్రాక్టర్లను పరీక్షిస్తూ డ్రాబార్ బలాన్ని, అంటే వెనక కట్టినదాన్ని లాగే బలాన్ని, విడిగా ఇస్తున్నారు. మీ మోడల్‌కు అలాంటి రిపోర్టు దొరికినా, అది కాంక్రీటు ట్రాక్ మీద వచ్చిన అంకె అయితే పొలంలో అంత రాదు.

లాగుడు లెక్క తేలికే. లాగే బలాన్ని కేజీల్లో, వేగాన్ని గంటకు కిలోమీటర్లలో తీసుకుని, రెండూ గుణించి 270తో భాగిస్తే హెచ్‌పీ వస్తుంది. ఓ మోస్తరు బరువు నేలలో, 12 సెంటీమీటర్ల లోతున, కల్టివేటర్ ఒక్కో పంటికి 60 నుంచి 80 కేజీల దాకా లాగుడు పడుతుంది. 70 అనుకోండి. 11 పళ్లకు 770 కేజీలు. రెండో గేర్లో జారుడు పోగా 4 కిలోమీటర్ల వేగం అనుకుంటే 11 హెచ్‌పీ చాలు. మీ దగ్గర 16 ఉంది. అందుకే శబ్దం దిగట్లేదు.

ఇక పట్టు సంగతి. బటన్లు అరిగిన టైర్లతో, దుక్కి నేలలో, వెనక చక్రాల మీద పడే బరువులో 40 నుంచి 45 శాతం దాకానే లాగగలం. మీ వెనక బరువు నాకు తెలియదు. వేబ్రిడ్జి మీద వెనక చక్రాలు మాత్రమే ఎక్కించి తూయించండి. ఆ అంకె లేకపోతే ఇదంతా గాలిలో లెక్కే.

లోతు సంగతి కూడా చెప్పాలి. 12కి బదులు 16 పడితే లాగుడు మూడో వంతు పెరుగుతుంది. అంటే మీరు 11 పళ్లు కట్టి దాదాపు 15 పళ్ల బరువు లాగించారు.

మూడురెక్కలు:

సందట్లో నాదీ ఒక ప్రశ్న. నాది 45 హెచ్‌పీ, ఇదీ పాతదే. ఒక్కోటి 30 సెంటీమీటర్ల వెడల్పుండే మూడు రెక్కల నాగలి తక్కువకు వస్తోంది. 20 సెంటీమీటర్ల లోతు దుక్కి చెయ్యాలి. తీసుకోవచ్చా? నేల బాగా బంక.

రేగడిచాళ్లు:

వద్దండి. రెక్క నాగలికి లెక్క వెడల్పు, లోతుల మీద ఉంటుంది. 90 సెంటీమీటర్ల వెడల్పు, 20 లోతు అంటే నాగలి ముందు 1,800 చదరపు సెంటీమీటర్ల మట్టి నిలబడి ఉంది. గంటకు 5 కిలోమీటర్ల వేగంలో తేలిక నేలకు చదరపు సెంటీమీటరుకు 0.35 కేజీ, మధ్యరకానికి 0.55, బంకనేలకు 0.8 దాకా పడుతుంది. మీది 0.8 అంటే 1,440 కేజీలు, దాదాపు 27 హెచ్‌పీ. మీ 45కి పొలంలో మిగిలేది 20, 21. రెండు రెక్కలైతే 960 కేజీలు, 18 హెచ్‌పీ, లాగుతుంది. అది కూడా వెనక టైర్లలో నీళ్లు నింపితేనే.

వేగం కూడా చూసుకోండి. రెక్క నాగలిని 5 నుంచి 8 కిలోమీటర్లకు తోలితే లాగుడు పాతిక శాతం పెరుగుతుంది, కావలసిన బలం రెట్టింపవుతుంది. పాత బండితో నాగలి పరుగులు పెట్టించే పని కాదు. కల్టివేటర్‌కు వేగం దెబ్బ ఇంత గట్టిగా ఉండదు.

మూడురెక్కలు:

థాంక్సండీ. రెండు రెక్కలదే వెతుకుతాను. పోనీ రోటవేటర్‌కు ఈ లెక్క పనికొస్తుందా?

గ్రీజుచేతులు:

పనికిరాదు. రోటవేటర్‌ను బండి లాగేది తక్కువ, పీటీఓ తిప్పేది ఎక్కువ. ఇంకా చెప్పాలంటే బ్లేడ్లు బండిని ముందుకు నెడతాయి. అక్కడ చక్రం జారదు, ఇంజన్ దిగుతుంది. ఈ చర్చ దాని గురించి కాదు గానీ, అడిగావు కాబట్టి చెప్పాను.

పాతబండి తమ్ముడూ, లివరు సంగతి చెప్పలేదు కదా. పనిముట్టును మూడు చోట్ల పట్టే మూడు పాయింట్ల లింకు, లాగుడు భారాన్ని బట్టి లోతు సర్దే డ్రాఫ్ట్ కంట్రోల్ కలిపి ట్రాక్టరుకు పెట్టినవాడు హ్యారీ ఫెర్గూసన్. 1946లో వచ్చిన ఆయన టీఈ20 ట్రాక్టరు బరువు టన్నుకు కాస్తే ఎక్కువ, అయినా రెండు రెక్కల నాగలి లాగేది. రహస్యం ఏంటంటే, గొర్రు మీద భారం పెరగగానే హైడ్రాలిక్ దాన్ని వెంట్రుకవాసి పైకి లేపుతుంది. అలా లేపేటప్పుడు గొర్రు బరువూ, దాన్ని కిందికి గుంజే మట్టి బరువూ వెనక చక్రాల మీదకు వస్తాయి. నువ్వు లివరు చివరిదాకా తోస్తే గొర్రు దాని ఇష్టం వచ్చినంత లోతుకు దిగుతుంది, బరువు చక్రం మీదకు రాదు. మీ నాన్న చెయ్యి లివరు మీద ఉండటం అందుకే. పాత బండిలో డ్రాఫ్ట్ కంట్రోల్ సరిగ్గా పలకకపోతే ఆ పని చేత్తోనే చెయ్యాలి.

టైర్లలో గాలి చూడు. రోడ్డు మీద ట్రాలీ లాగడానికని గట్టిగా కొట్టిస్తారు, అదే గాలితో పొలంలోకి దిగుతారు. దుక్కికి 12 నుంచి 16 పీఎస్ఐ మధ్య ఉంచితే టైరు పరుచుకుని పట్టుకుంటుంది. ట్యూబు టైర్లే కాబట్టి నీళ్లు కూడా నింపు. వాల్వు పైకి వచ్చేలా చక్రం నిలిపి, జాక్ ఎత్తి, వాల్వు మట్టం దాకా పోస్తే ముప్పాతిక వంతు నిండుతుంది. 12.4-28కి ఒక్కోదానికి 150 లీటర్ల దాకా పడతాయి. మిగతాది గాలి.

ఒక హెచ్చరిక. పట్టు కోసమని గొలుసు కట్టి టాప్ లింకు (మూడు పాయింట్లలో పైది) దగ్గర నుంచో, యాక్సిల్ కంటే పై నుంచో ఎప్పుడూ లాగకు. ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. చూడటానికి రెప్పపాటు కూడా పట్టదు.

పాతబండి35:

తొమ్మిది రోజుల తర్వాత వస్తున్నాను, క్షమించాలి. ఈలోగా మీరు చెప్పినవన్నీ చేసి, చిన్నపిల్లాడిలా టేపు పట్టుకుని పొలమంతా కొలిచాను.

తూకం: మొత్తం 1,690 కేజీలు, వెనక చక్రాల మీద 1,080. గొర్రు బరువు కూడా పడితే పనిలో 1,350 దాకా ఉంటుందనుకుని 45 శాతం వేస్తే 607 వచ్చింది. 770 ఎక్కడ, 607 ఎక్కడ! గాలి చూస్తే 26 పీఎస్ఐ ఉంది. 14కి దించాను.

టైరు మీద సుద్దతో గీత గీసి, గొర్రు ఎత్తి, పది చుట్లు తిప్పితే 37 మీటర్లు పోయింది. తర్వాత లివరు సరిచేసి, లోతు 12 దగ్గర ఉంచి, 11 పళ్లతో రెండో గేర్లో అదే పది చుట్లు. 28 మీటర్లు. అంటే 24 శాతం జారుడు. పక్కన నడుస్తూ చూస్తుంటే అంత జారుతున్నట్టు అనిపించదు, గీత లెక్కపెడితేనే తెలుస్తుంది.

తర్వాత రెండు చివర్లా ఒక్కో పన్ను విప్పేశాను. బోల్టులు తుప్పు పట్టి ఒకదానికి గ్యాస్ పెట్టాల్సి వచ్చింది. బాబాయికి ఇంకా చెప్పలేదు. తొమ్మిది పళ్లతో 31 మీటర్ల 50. దాదాపు 15 శాతం. నీళ్లు నింపాక 33 మీటర్లు, 11 శాతం.

ఇక్కడ ఆగి ఇంకో లెక్క వేశాను. నీళ్లు లేనప్పుడు 11 పళ్లు పది చుట్లలో దున్నింది 69 చదరపు మీటర్లు. నీళ్లు పోశాక తొమ్మిది పళ్లు దున్నింది 67. రెండు పళ్లు ఎక్కువ కట్టి, టైర్లు అరగదీసి, నేను సంపాదించింది రెండు చదరపు మీటర్లు.

రేగడిచాళ్లు:

బాగా కొలిచారు. టూవీల్ డ్రైవ్‌కు 10 నుంచి 15 శాతం జారుడు మంచిదే. 8 కంటే తగ్గిందంటే బరువు ఎక్కువేశామని, ఊరికే ఇనుము మోస్తున్నట్టు. మీరు 11 దగ్గర ఉన్నారు, ఇంకేం నింపకండి. కానీ ఒకటి మిగిలింది. నీళ్లు పోశాక మళ్లీ 11 పళ్లు కట్టి చూశారా? ఇప్పుడు పట్టు పెరిగింది కదా.

పాతబండి35:

చూశానండి, మీరు అడుగుతారని తెలుసు. విప్పిన రెండు పళ్లూ మళ్లీ బిగించాను. రెండో గేర్లో పది చుట్లకు 31 మీటర్లు, 16 శాతం. ఫరవాలేదు, ఎక్కడా ఆగలేదు. ఆశ పుట్టి మూడో గేరు వేశాను. యాభై అడుగులు పోయేసరికి శబ్దం దిగిపోయి నల్లపొగ. గ్రీజుచేతులు అన్న చెప్పిన మొదటి జబ్బు అప్పుడు కళ్లారా చూశాను. తొమ్మిది పళ్లతో అదే మూడో గేర్లో హాయిగా పోతోంది, 32 మీటర్ల 50 వచ్చింది.

పది చుట్లకు రెండో గేర్లో 28 సెకన్లు, మూడో గేర్లో 19. ఫోనులో చూశాను. గంటకు లెక్కేస్తే 11 పళ్లు రెండో గేర్లో సుమారు 9,900 చదరపు మీటర్లు, తొమ్మిది పళ్లు మూడో గేర్లో 12,500 దాకా. మలుపులు లెక్కలో వెయ్యలేదు.

గ్రీజుచేతులు:

అదీ సంగతి. ఏడు పళ్లకు దిగాలన్న ఆలోచన మాత్రం పెట్టుకోకు. ఏడు పళ్లంటే 1 మీటరు 57. నీ వెనక చక్రాల బయటి అంచు నుంచి అంచుకు ఎంత?

పాతబండి35:

1 మీటరు 62. అర్థమైంది, చక్రం తొక్కిన గాడి దున్నకుండా మిగిలిపోతుంది. తొమ్మిది పళ్లైతే రెండు వైపులా 20 సెంటీమీటర్లు దాటి వస్తోంది.

నీళ్లు పోశాక గొర్రు ఎత్తి మలుపు తిప్పేటప్పుడు స్టీరింగు కాస్త తేలిగ్గా అనిపిస్తోంది. ముందు ఏమన్నా బరువు వెయ్యాలా?

గ్రీజుచేతులు:

తూకంలో నీ ముందు చక్రాల మీద 610 ఉంది. అది బాగానే ఉంది, కానీ గొర్రు గాల్లోకి లేచినప్పుడు ముందు నుంచి కొంత వెనక్కి పోతుంది. గొర్రు ఎత్తి ముందు చక్రాలు మాత్రమే మళ్లీ తూయించు. మొత్తంలో ఐదో వంతు కంటే తగ్గితే బంపర్‌కు రెండు బరువులు తగిలించు. దున్నేటప్పుడు వాటితో పెద్దగా పని లేదు, మలుపుల్లోనూ గట్లు ఎక్కేటప్పుడూ కావాలి.

కర్రులు, అంటే పళ్ల చివర నేలలో దిగే ఇనుప ముక్కలు, ఎలా ఉన్నాయి? అరిగి మొండిగా ఉంటే అవి నేలలోకి దిగవు, నువ్వు లివరు తోస్తావు, మళ్లీ మొదటికొస్తుంది.

పాతబండి35:

ఇప్పుడే వెళ్లి చూశాను. వెనక వరస కర్రులు బొటనవేలంత మొండిగా అయిపోయాయి. రెండు వైపులా వాడుకునే రకమే, ఇన్నాళ్లూ ఎవరూ తిప్పలేదు. రేపు పొద్దున తిప్పి బిగించి, సుద్ద గీతతో ఇంకో పది చుట్లు తిప్పుతాను. విప్పిన రెండు పళ్లు, బోల్టులు కవర్లో కట్టి పెట్టాను. బాబాయి అడిగేలోపు గ్యాస్‌తో కోసిన ఆ ఒక్క బోల్టుకు కొత్తది వెతకాలి.